శీతల దేశాలకు వెళ్లే కుటుంబాలకు ముందస్తు శిక్షణ ఏర్పాటు చేయాలి

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో పిల్లలను విదేశాలకు పంపడం ఇప్పుడు సేద్యంతో సమానమైన కుటుంబ వ్యవహారంగా మారింది. పంట సొమ్మూ పొలం తాకట్టూ బ్యాంకు రుణమూ కలిపి ఫీజు కట్టడం మొదలుకొని, వీసా ఇంటర్వ్యూకు తర్ఫీదు పొందడం, పచ్చళ్లూ కారప్పొడులూ తూకం చూసి పెట్టెల్లో సర్దడం వరకు ప్రతి పనికీ దారి చూపేవారు ఊరూరా ఉన్నారు. చేరబోయే ఊళ్లో ఏటా మూడు నుంచి ఐదు నెలల పాటు ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి అటూ ఇటూగా, తరచూ దానికి చాలా దిగువగా ఉంటుందనీ, ఆ కాలంలో ఒంటినీ ఇంటినీ పసిబిడ్డనూ వయసు మళ్లిన తల్లిదండ్రులనూ కాపాడుకోవడం నేర్చుకోవలసిన విద్య అనీ చెప్పే ఏర్పాటు మాత్రం ఎక్కడా కనిపించదు. చికాగో, డెట్రాయిట్, టొరంటో, ఎడ్మంటన్ వంటి నగరాలకు బయలుదేరే ప్రతి కుటుంబానికీ ప్రయాణానికి ముందే, సొంత జిల్లాలోనే, తెలుగులోనే చలికాలపు శిక్షణ ఇవ్వాలన్నది ఈ కరపత్రం కోరిక.

ఈ మైదానాల ప్రజలకు వాతావరణ భయమంటే ఎండ భయమే. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన ఊళ్లలో పల్నాటి రెంటచింతల ఒకటి కాగా, జనవరి తెల్లవారుజామున సైతం గుంటూరు, ఒంగోలు పట్టణాల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోవడం అరుదు. చలి అనేది ఇక్కడివారికి లంబసింగి వెళ్లి చూసివచ్చే వినోదం. ఎండ విషయంలో మాత్రం తరతరాల అనుభవానికి ప్రభుత్వ కృషి కూడా తోడైంది. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా మరణించిన తర్వాత వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక రూపొందింది. చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, హెచ్చరిక సందేశాలు, కూలీల పనివేళల మార్పు పల్లెపల్లెకూ చేరాయి. ఆ తర్వాతి ఏళ్లలో వడదెబ్బ మరణాలు బాగా తగ్గాయి. వాతావరణం చంపే ముప్పును ప్రజలకు వారి భాషలో, వారి ఊళ్లో, ముందుగానే చెబితే ప్రాణాలు నిలుస్తాయని ఈ రాష్ట్రమే రుజువు చేసింది కనుక, అదే పద్ధతిని చలికి వర్తింపజేయడంలో కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు.

చట్టం వైపు నుంచి చూస్తే ఒక ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పూర్తిచేయనివారు గల్ఫ్ దేశాలు ప్రధానంగా ఉన్న 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి; అటువంటి కార్మికుల కోసం విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు ఒక రోజు శిక్షణ నడుపుతోంది. అది అవసరమైన పని, ఇంకా విస్తరించవలసిన పని. కాని చదువుకున్నవాడు అన్నీ తెలుసుకునే వెళతాడన్న ఊహ మీద, విద్యార్థులనూ ఉద్యోగులనూ వారి వెంట వెళ్లే భార్యాబిడ్డలనూ తల్లిదండ్రులనూ ఆ పరిధికి వెలుపల వదిలేశారు. ఇంజినీరింగ్ పట్టా చలిని గురించి ఏమీ నేర్పదు.

చలి ఒంటి మీద చేసే పనిని ముందు అర్థం చేసుకోవాలి. శరీరపు లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. అది 35 డిగ్రీల కంటే తగ్గిన స్థితిని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, ఆ తర్వాత మాట తడబాటు, మగత, ఆలోచన మందగించడం వరుసగా వస్తాయి. బాగా చలి పట్టిన మనిషిలో వణుకు ఆగిపోతే అది తేరుకున్న గుర్తు కాదు, ప్రమాదం ముదిరిన గుర్తు. మంచుకాటు అంటే చర్మమూ దాని కింది కండా నిజంగానే గడ్డకట్టడం. చెవులు, ముక్కు, వేళ్ల కొసలు మొదట తిమ్మిరెక్కి, తర్వాత స్పర్శ కోల్పోతాయి కాబట్టి నొప్పి లేదన్న ధైర్యంతో బయటే ఉండిపోవడం పెద్ద పొరపాటు. తిమ్మిరెక్కిన చేతిని రుద్దే అలవాటు, నిప్పు సెగకు పట్టే అలవాటు ఈ ప్రాంతపు ఇళ్లలో ఉన్నవే, మంచుకాటులో మాత్రం రెండూ హాని చేస్తాయి; గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యుని దగ్గరకు చేర్చడమే సరైన మార్గం.

ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి బయలుదేరడం మరొక పొరపాటు. వేడి అన్నం మీద విసనకర్రతో విసిరితే త్వరగా చల్లారినట్టే, గాలి వీచే కొద్దీ ఒంటి వేడి త్వరగా తరలిపోతుంది. ఈ ప్రభావాన్ని కలిపి లెక్కగట్టిన అంకెను అక్కడి వాతావరణ ప్రకటనల్లో విండ్ చిల్ అంటారు. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం మైనస్ 18 డిగ్రీల వద్ద గంటకు 24 కిలోమీటర్ల గాలి ఉంటే చర్మానికి అది మైనస్ 28 డిగ్రీలతో సమానం, అటువంటి గాలిలో కప్పుకోని చర్మానికి అరగంటలో మంచుకాటు తగలవచ్చు. బస్సు తప్పిపోయిన విద్యార్థి మరో బస్సు కోసం నిలబడే సమయం అంతే ఉంటుంది.

బట్టల విషయం ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. పత్తి మీద బతికే నేలకు ఈ మాట కష్టంగా తోచవచ్చు గాని, గడ్డకట్టే చలిలో ఒంటిని అంటి ఉండే మొదటి బట్ట నూలుది కాకూడదు. నూలు చెమటను పీల్చి తనలోనే నిలుపుకొంటుంది; ఎండలో ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టే నూలు బట్ట గుంటూరు వేసవికి వరమైంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని బయటికి తోడుతుంది కాబట్టి అదే తడి బట్ట చలిలో శత్రువవుతుంది. చెమటను పైకి వదిలే పాలిస్టర్ లేదా సన్నని ఉన్ని లోపలి పొరగా, గాలిని పట్టి ఉంచే ఉన్ని, ఫ్లీస్ వంటివి మధ్య పొరగా, గాలినీ తడినీ ఆపే కోటు పై పొరగా వేసుకొని, ఇంట్లోకీ దుకాణంలోకీ వెళ్లినప్పుడు చెమట పట్టకముందే పై పొరలు తీసేయడం అక్కడి వారి పద్ధతి. ఒక్కటే బరువైన స్వెటర్ ఈ మూడింటి పని చేయదు. పాదాలకు బిగుతుగా రెండు జతల మేజోళ్లు తొడిగితే రక్తప్రసారం తగ్గి ఇంకా చలి వేస్తుంది. బూటులో వేళ్లు కదిలే చోటుండాలి. చలికాలంలో మన పట్టణాల రోడ్ల పక్కన టిబెటన్లు, నేపాలీలు అమ్మే స్వెటర్లతో పెట్టెలు నింపడం కంటే, లోపలి పొరలూ టోపీ, చేతి తొడుగులూ ఇక్కడ కొని, కోటుకూ బూట్లకూ కావలసిన డబ్బును ఫీజు, విమానం టికెట్‌తో పాటే అంచనాలో చేర్చి, వాటిని అక్కడ కొనుక్కోవడం మేలు. డిసెంబర్, జనవరి నెలల్లో దిగేవారు మాత్రం విమానాశ్రయం తలుపు దాటే సరికి ఒంటి మీద సరిపడా బట్టలతో ఉండాలి.

తెలియకపోవడం ఎంత ఖరీదైనదో 2022 డిసెంబర్‌లో తెలుగు నేల చూసింది. అరిజోనా రాష్ట్రంలోని వుడ్స్ కేన్యన్ సరస్సుపై గడ్డకట్టిన మంచు మీద నడుస్తుండగా అది పగిలి నీటిలో పడి ముగ్గురు తెలుగువారు మరణించారు; వారిలో గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన దంపతులు ఉన్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే కృష్ణా కాలువలో దిగితే లోతెంతో, సుడి ఎక్కడుంటుందో ఇక్కడి పిల్లలకు చెప్పే పెద్దలున్నారు గాని, మంచు పొర గురించి చెప్పగల పెద్దలు ఈ పల్లెల్లో లేరు. స్వచ్ఛమైన గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉంటే తప్ప మనిషి నడవకూడదని అమెరికా ఉత్తరాది రాష్ట్రాలు ఏటా హెచ్చరిస్తాయి. పైన కురిసిన మంచు కప్పుకున్న పొర, ప్రవాహం ఉన్న చోటి పొర ఇంకా బలహీనమని, ఏ మంచూ పూర్తిగా క్షేమం కాదని కూడా చెబుతాయి. కొత్తగా వచ్చినవారికి సరైన నియమం దీని కంటే సులువు: స్థానిక అధికారులు అనుమతి ప్రకటించని ఏ సరస్సు మీదా అడుగు పెట్టకూడదు.

ఇంటి లోపలి ప్రమాదాల గురించి మాట్లాడేవారు ఇంకా తక్కువ. శీతల దేశాల్లో ఇళ్లను వేడి బయటికి పోకుండా బిగించి కడతారు. ఆ బిగింపు వల్ల పొగకూ విషవాయువుకూ దారి ఉండదు. బాలింతకు కుంపటి పెట్టడం, స్నానం తర్వాత పసిబిడ్డకు సాంబ్రాణి ధూపం వేయడం ఇక్కడి ఇళ్లలో ఆప్యాయతతో జరిగే పనులు. గాలి ఆడని గదిలో కుంపటి బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక నిద్రలోనే ప్రాణం తీయగలదు, ధూపం పసివాడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మూసిన గరాజ్‌లో కారు ఇంజన్ నడిపి వేడెక్కించడం, పొగ గొట్టం మంచులో కూరుకుపోయిన కారులో హీటర్ వేసుకొని కూర్చోవడం కూడా ఇదే ప్రమాదాన్ని తెస్తాయి. అద్దెకు దిగిన మొదటి రోజే పొగ హెచ్చరిక, కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. కారు సీటులో పసిబిడ్డను కూర్చోబెట్టేటప్పుడు లావుపాటి కోటు మీద పట్టీ బిగిస్తే ప్రమాదంలో ఆ కోటు నలిగి పట్టీ వదులైపోతుంది కాబట్టి, పట్టీ బిగించాక పైన దుప్పటి కప్పాలని కూడా ప్రతి తల్లికీ తెలియాలి.

అందరికంటే ఎక్కువ శిక్షణ అవసరమైనవారు, అందరికంటే తక్కువగా అడిగేవారు, కూతురి పురుడుకో కోడలి పురుడుకో ఆరు నెలల సందర్శక వీసా మీద వెళ్లే తల్లులు. పొలం పనుల్లోనూ వీధి అరుగు మీదా రోజంతా మనుషుల మధ్య బతికిన స్త్రీకి నవంబర్‌లో అక్కడ దిగగానే నాలుగున్నర, ఐదు గంటలకే చీకటి పడే ఊరు ఎదురవుతుంది. డిసెంబర్ చివర గుంటూరులో పగలు పదకొండు గంటలుంటే టొరంటోలో తొమ్మిది, ఎడ్మంటన్‌లో ఏడున్నర గంటలే. వెలుతురు తగ్గిన కాలంలో దిగులు, అతినిద్ర, నిరాసక్తత కమ్ముకునే స్థితిని 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం వైద్య గ్రంథాల్లో వర్ణించి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టింది. అది మనోబలహీనత కాదనీ చికిత్స ఉన్నదనీ ముందే తెలిస్తే ఆ తల్లి తనను తాను నిందించుకోదు. 42 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన చలికాలపు ఎండ చర్మంలో విటమిన్ డి తయారీకి దాదాపు పనికిరాదు, ముదురు రంగు చర్మానికి మరీను. అందుకే తల్లిపాలు తాగే శిశువులకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి ఇవ్వాలని కెనడా ఆరోగ్య శాఖ సూచిస్తుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి మంచుకాటు తగిలినా తెలియదు. చలికి రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్న పెద్దలు కొడుకుకు సాయం చేయాలని పార పట్టి వాకిట్లో మంచు తోయడం గుండెపోటుకు దారితీయవచ్చు. చికాగో వంటి నగరాల్లో ఇంటిముందు కాలిబాట మీద మంచు తొలగించడం ఇంటివారి చట్టబద్ధ బాధ్యత కాబట్టి ఆ పని ఎవరు చేయాలో కుటుంబం ముందే అనుకోవాలి.

ఈ విషయాలు నేర్పగలవారు ఈ జిల్లాలకు కొత్తగా రానవసరం లేదు. కశ్మీర్, లద్దాఖ్, సియాచిన్ మంచుల్లో పనిచేసి వచ్చిన మాజీ సైనికులు ఈ పల్లెల్లోనే ఉన్నారు, వారిని కలిపే సైనిక సంక్షేమ కార్యాలయాలూ ఉన్నాయి. పొరలుగా బట్టలు కట్టడం, పాదాలు కాపాడుకోవడం వారి కంటే బాగా చెప్పగలవారు అరుదు. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు ఉత్తర అమెరికాలో జింకానా పేరుతో సంఘంగా ఏర్పడి ఇక్కడి ప్రభుత్వాసుపత్రికి ఎన్నో ఏళ్లుగా సాయం చేస్తున్నారు. ఈ మైదానపు ఒంటినీ ఆ దేశపు చలినీ రెండింటినీ ఎరిగిన ఆ వైద్యులు, తానా, ఆటా, నాట్స్ వంటి తెలుగు సంఘాలు కలిసి ఒక చిన్న తెలుగు పుస్తకాన్ని తయారుచేయగలరు. రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ దాన్ని అచ్చువేసి, గుంటూరు, నరసరావుపేట, బాపట్ల, ఒంగోలు పట్టణాల కళాశాలల్లో ఒకటిన్నర రోజుల తరగతులు ఏడాదికి రెండు సార్లు, ఆగస్టు చదువులకు వెళ్లేవారికి జూన్‌లో, జనవరి చదువులకు వెళ్లేవారికి నవంబర్‌లో నడపాలి. ఒంగోలు ప్రాంతంలో శనగలు నిలవచేసే శీతల గిడ్డంగుల్లో ఖాళీ ఉన్న గదిని యజమానుల అంగీకారంతో ఒక పూట వాడుకుంటే, చెమట పట్టిన నూలు చొక్కాతోనూ ఉన్ని పొరలతోనూ పది నిమిషాలు నిలబడి తేడాను ఒంటితోనే తెలుసుకోవచ్చు. మిరప గిడ్డంగులు ఇందుకు పనికిరావు, ఆ ఘాటులో పాఠం సాగదు. విద్యార్థుల దగ్గర రుసుము తీసుకునే కన్సల్టెన్సీలు ఈ తరగతికి హాజరైనట్టు పత్రం చూసిన తర్వాతే పని ముగించాలన్న నిబంధనను జిల్లా యంత్రాంగం తేవాలి.

వెళ్లాక స్నేహితులు నేర్పుతారు, ఫోన్లో అన్నీ ఉన్నాయి అనే వాదన వినిపిస్తుంది. స్నేహితులు నేర్పేది నిజమే, కాని మొదటి చలికాలం గడిచాక తెలిసిన సంగతి ఆ మొదటి చలికాలానికి అక్కరకు రాదు. ఫోన్లో దొరికే సమాచారంలో అధిక భాగం ఆంగ్లంలో, చలిలో పుట్టి పెరిగిన వారిని ఉద్దేశించి ఉంటుంది. కుంపటి గురించీ సాంబ్రాణి గురించీ పురుడు గురించీ అందులో ఎవరూ రాయరు. ఖర్చు మాట వస్తే, కావలసింది ఒక హాలు, ఒక చిన్న పుస్తకం, కొందరు బోధకుల ప్రయాణ భత్యం.

పంచాయతీలూ, కళాశాలల యాజమాన్యాలూ, రైతు సంఘాలూ, పిల్లలను పంపిన తల్లిదండ్రులూ ఈ కోరికను తీర్మానంగా రాసి ఈ సంవత్సరమే తమ జిల్లా కలెక్టరుకూ ఏపీఎన్‌ఆర్‌టీకీ అందజేయాలి. వచ్చే జూన్ నెలలో మొదటి తరగతి జరిగే వరకు, తమ ఊరి నుంచి చలిదేశానికి బయలుదేరే ప్రతి కుటుంబానికీ ఈ కరపత్రాన్ని చదివి వినిపించవలసిందిగా పాఠకులకు విజ్ఞప్తి.