కారు మారినా కాగితం మారదు

2023 అక్టోబరు నెలాఖరులో ముంబయి వీధుల నుంచి చివరి ప్రీమియర్ పద్మిని టాక్సీ నిష్క్రమించింది. 2003 అక్టోబరులో రిజిస్టరయిన ఆ బండికి నగరంలో టాక్సీలకు విధించిన 20 ఏళ్ళ గడువు తీరిపోయింది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 2014 మే నెలలో, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయింది. మంత్రిగారి కారయినా, డాక్టరుగారి కారయినా, రైల్వేస్టేషను ముందు నిలిచే అద్దె కారయినా మూడు దశాబ్దాలపాటు దాదాపు ఈ రెండింటిలో ఒకటే. అవి కర్మాగారం నుంచి రావడం ఆగిన తర్వాతే వాటిపై మోజు పెరిగింది. మోజు పెరిగింది గాని, అమ్మదలచినవారికీ కొనదలచినవారికీ మధ్య దారి మాత్రం సుగమం కాలేదు.

ఈ పాత కార్ల వ్యాపారానికి షోరూములు లేవు. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే పెద్ద సంస్థలు పదేళ్ళు దాటిన బండి వైపు సాధారణంగా కన్నెత్తి చూడవు. అందువల్ల లావాదేవీ ఇద్దరు వ్యక్తుల మధ్య, చాలా సందర్భాల్లో మెకానిక్ మాట సాయంతో, జరుగుతుంది. దీనికి పన్ను కోణం కూడా ఉంది. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి వాడిన కార్ల వ్యాపారుల లాభంపై 18 శాతం పన్ను నిర్ణయించినప్పుడు, ఒక వ్యక్తి మరో వ్యక్తికి నేరుగా అమ్ముకునే కారుకు అది వర్తించదని స్పష్టం చేసింది. ఆ మేరకు నేరు బేరం చవక. అయితే ఆ చవకదనంతోపాటే పూచీ కూడా మాయమవుతుంది. తర్వాత తగవు వస్తే అడగడానికి మధ్యలో ఎవరూ ఉండరు.

మొదటి చిక్కు ధర దగ్గరే మొదలవుతుంది. లైసెన్సుల రాజ్యం నడిచిన రోజుల్లో కొత్త కారు కోసం ఏళ్ళ తరబడి వరుసలో నిరీక్షించలేనివారు వాడిన కారును కొత్తదాని ధరకన్నా ఎక్కువ పెట్టి కొనేవారు. నేడు పద్మినికి గాని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు గాని ఇంత అని చెప్పే పట్టిక ఏదీ లేదు. బీమా సంస్థలు సైతం అయిదేళ్ళు దాటిన బండి విలువను యజమానితో మాట్లాడుకుని నిర్ణయిస్తాయి. అమ్మేవారు తండ్రి జ్ఞాపకాన్ని, షెడ్డు అద్దెను, ఏటా చేయించిన మరమ్మతులను కలిపి లెక్క కడతారు. కొనేవారు నేల రేకు కింద తుప్పును, దొరకని విడిభాగాలను తీసివేసి లెక్క కడతారు. ఈ రెండు లెక్కలూ కలవడం అరుదు. కారును చూడకుండానే ఫోనులో ఆఖరి ధర అడిగేవారు, చూడటానికి వచ్చి ఊరంతా ఒక చుట్టు తిప్పించుకుని మళ్ళీ కనిపించనివారు, బయానా ఇస్తామని చెప్పి మాయమయ్యేవారు అమ్మకందారుకు విసుగు పుట్టిస్తారు. కొనుగోలుదారు విసుగుకూ కారణాలు తక్కువేమీ కావు. రాత్రంతా రైలు ప్రయాణం చేసి వెళితే, ఫొటోలో మెరిసిన బండి తలుపు అడుగున పుట్టీ తప్ప రేకు కనిపించదు. అయస్కాంతం అంటుకోని చోట ఇనుము లేదని గ్రహించడానికి నిపుణుడు అక్కరలేదు గాని, దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళాలన్న ఆలోచన మాత్రం మొదటిసారి మోసపోయిన తర్వాతే వస్తుంది. ఇక విడిభాగాల కోసం చెన్నైలోని పుదుపేట, కోల్‌కతాలోని మల్లిక్ బజార్ వంటి పాత సామాన్ల అంగళ్ళే దిక్కు.

తుప్పును బాగు చేయించవచ్చు. కాగితాన్ని బాగు చేయించడమే కష్టం.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆపైన అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. అదే చట్టంలోని 50వ సెక్షన్ అమ్మకం సంగతి చెబుతుంది. రాష్ట్రం లోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లోగా, ఇతర రాష్ట్రానికైతే నిరభ్యంతర పత్రంతో 45 రోజుల్లోగా రవాణా అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరిట మార్పునకు దరఖాస్తు చేయాలి. యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లోగా ఆ సంగతి తెలిపి, మూడు నెలల్లో బదలాయింపు కోరాలి. నిబంధనలు చదవడానికి సుబోధకంగానే ఉన్నాయి. కాని నలభై ఏళ్ళనాటి బండి ఈ మెట్లన్నీ సక్రమంగా ఎక్కి వచ్చిన సందర్భాలు తక్కువ. ఆర్.సి. పుస్తకంలో పేరు తాతగారిది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు. వారసులు నలుగురు, వారిలో ఒకరు విదేశంలో. పుస్తకంలోని రాత చేతిరాత. కార్యాలయంలోని రిజిస్టరు చెదలు పట్టి ఉంటుంది, లేదా కంప్యూటరులోకి ఎక్కి ఉండదు. ఎక్కని బండికి ఆన్‌లైన్ దరఖాస్తు కదలదు. పాత వివరాలు నమోదు చేయించడమే ఒక ప్రత్యేక యజ్ఞం. మరికొన్ని పుస్తకాల్లో ఎన్నడో తీరిపోయిన అప్పు తాలూకు తనఖా గుర్తు ఇంకా ఉంటుంది. దాన్ని కొట్టివేయించాలంటే ఫారం 35పై అప్పిచ్చిన సంస్థ సంతకం కావాలి. ఆ సంస్థ మూతపడి ఉంటే సంతకం ఎవరిని అడగాలి?

ఉభయ తెలుగు రాష్ట్రాల వారికి ఇందులో ఒక అదనపు మెలిక ఉంది. విజయవాడలో రిజిస్టరయిన కారును హైదరాబాదువారికి అమ్మడం 2014 జూన్ 2కు ముందు ఒకే రాష్ట్రంలోని వ్యవహారం. ఆ తర్వాత అది అంతర్రాష్ట్ర వ్యవహారమై, నిరభ్యంతర పత్రం, కొత్త నంబరు, పన్ను లెక్క తప్పనిసరి అయ్యాయి. మూడక్షరాల పాత నంబరు పలక మీద మనసుపడి కొన్నవారికి ఆ పలకే చేజారిపోవడం మరీ బాధాకరం.

ఈ బాధలు పడలేక చాలామంది అడ్డదారి తొక్కుతారు. అమ్మినవారు ఖాళీ ఫారం 29, 30 పత్రాలపై సంతకాలు చేసి, డబ్బు తీసుకుని, తాళంచెవి ఇచ్చేస్తారు. కొన్నవారు ఆ పత్రాలను అలాగే ఉంచుకుని మరొకరికి అమ్ముతారు. బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. పుస్తకంలో పేరు మాత్రం మొదటివారిదే. దీని పర్యవసానం ఎంత తీవ్రమైనదో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాటింది. 2007లో యజమాని అమ్మివేసిన ఒక కారు పలువురి చేతులు మారిన తర్వాత 2009 మే నెలలో ప్రమాదానికి కారణమైంది. బండి నా దగ్గర లేదు, ఎప్పుడో అమ్మేశానన్న వాదన నిలవలేదు. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని న్యాయస్థానం తేల్చింది. బాధితులు ఒక్కొక్క కొనుగోలుదారును వెతుక్కుంటూ తిరగవలసిన పనిలేదన్నది న్యాయమూర్తుల తర్కం. ఆ తర్కాన్ని తప్పుపట్టలేం. కాని ఖాళీ ఫారాలపై సంతకం చేసి నిశ్చింతగా నిద్రపోతున్న విశ్రాంత ఉద్యోగులు ఈ తీర్పు గురించి విని ఉంటారా అన్నది సందేహమే.

వ్యాపారుల విషయంలో ప్రభుత్వం ఈ లోపాన్ని కొంత పూడ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన డీలరుకు బండి అప్పగించి ఆ సంగతి నమోదు చేయిస్తే, అప్పటినుంచి దాని బాధ్యత డీలరుదే. వ్యక్తికీ వ్యక్తికీ మధ్య జరిగే అమ్మకానికి అటువంటి రక్షణ కల్పించలేదు. బ్రిటన్‌లో అమ్మినవారు తామే లైసెన్సుల సంస్థకు తెలియజేస్తే వారి బాధ్యత అంతటితో తీరుతుంది. మనదగ్గర అమ్మినవారు సకాలంలో తెలియజేసినా, కొన్నవారు కదలనిదే పుస్తకంలో పేరు మారదు.

2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినప్పుడు ఔత్సాహికులు సంబరపడ్డారు. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో పదేళ్ళ రిజిస్ట్రేషన్ ఇస్తారు. రుసుము రూ. 20 వేలు. అమ్మకం జరిగితే 90 రోజుల్లోగా తెలియజేయాలి. అయితే ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప ఆ బండిని నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. సంస్థానాధీశుల గ్యారేజీల్లోని కార్లకు ఇది బాగానే అమరుతుంది. 1988లో ఒక గుమాస్తా పొదుపు చేసి కొన్న పద్మినికి మాత్రం ఈ హోదా రావాలంటే 2038 దాకా ఆగాలి. ఈలోగా అది చట్టం కంటికి వట్టి ముసలి బండి. 15 ఏళ్ళు దాటిన కారు పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ. 600 నుంచి రూ. 5 వేలకు పెంచారు. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని రూ. 10 వేలు చేశారు. దిగుమతి చేసుకున్న కారయితే రూ. 80 వేలు. కాలుష్యాన్ని, ప్రమాదాలను తగ్గించాలన్న ఉద్దేశాన్ని కాదనలేం. నెలకు నాలుగు ఆదివారాలు బయటికి తీసే కారునూ, రోజంతా పొగ చిమ్మే కారునూ ఒకే గాటన కట్టడమే ఇబ్బంది.

అసలు రూపం అన్న షరతులోనూ ఒక వైరుధ్యం దాగి ఉంది. పెట్రోలు ధర భరించలేక లెక్కలేనన్ని అంబాసిడర్లకు, పద్మినిలకు యజమానులు డీజిల్ ఇంజన్లు బిగించారు. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ముందుగా అనుమతి పొంది, పుస్తకంలో రాయించుకుంటే తప్ప అది చెల్లదు. రాయించుకున్నవారు కొందరే. అమ్మకం రోజున తనిఖీ అధికారి ఇంజను నంబరు పోల్చిచూసినప్పుడు గుట్టు బయటపడుతుంది. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది. ఆ ఇంజను మార్పించినవారు మూడు అమ్మకాల వెనక ఎక్కడో ఉంటారు.

అనుభవం నేర్చిన అమ్మకందారులు ఇటీవల ఒక షరతు పెడుతున్నారు. ఇద్దరూ కలిసి రవాణా కార్యాలయానికి వెళ్ళి దరఖాస్తు అందజేసి, రశీదు చేతికి వచ్చిన తర్వాతే తాళంచెవి ఇస్తామంటున్నారు. తేదీ, గంట వేసి అప్పగింత పత్రం రాయించుకుంటున్నారు. మూడో పార్టీ బీమాను కొన్నవారు 14 రోజుల్లోగా తమ పేరిట మార్పించుకోవాలన్న నిబంధననూ అందులోనే చేరుస్తున్నారు. ఆ మాట వినగానే బేరానికి వచ్చినవారిలో చాలామంది మళ్ళీ ఫోను చేస్తామని చెప్పి వెళ్ళిపోతున్నారు. కారు మళ్ళీ టార్పాలిన్ కిందికి చేరుతోంది.