హక్కులు వదలిన గ్రంథము

శీతోష్ణస్థితి మార్పును గూర్చి గ్రంథములు పుంఖానుపుంఖముగ వెలువడుచున్నవి. వానిలో పెక్కు ఆంగ్లమున బుట్టి, ఆంగ్లము నేర్చినవారి బీరువాలలోనే విశ్రమించుచున్నవి. వాన తప్పిన యేట బీడువడునది మాత్రము ఆ బీరువాలు లేనివారి పొలములు.

ఇందుకు భిన్నమైన గ్రంథమొకటి 1993లో ఢిల్లీయందలి గాంధీ శాంతి ప్రతిష్ఠానమునుండి హిందీలో వెలువడినది. అది అనుపమ్ మిశ్రా రచించిన 'ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్'. చెరువును త్రవ్వించినవారెవరు, త్రవ్వినవారెవరు, కట్ట యెట్లు నిలుచును, పూడిక నెవరు తీసెడివారు అనునదియే యందలి విషయము. ఎడారి రాజస్థానమున ప్రజలు వాననీటిని దాచుకొనిన తీరు చదివినచో, అనావృష్టికి మందు రాజధానులలోనే దొరకునను భ్రమ తొలగును. వానలు కొలది దినములలోనే కుండపోతగ గురిసి పిదప ముఖము చాటుచేయు నీ కాలమున చెరువునకు మించిన యాధారమేది?

గ్రంథకర్త దానిపై స్వామ్యము నుంచుకొనలేదు. ఎవరైనను అచ్చువేయవచ్చును, అనువదింపవచ్చును. 1957 నాటి చట్టము ననుసరించి గ్రంథస్వామ్యము రచయిత మరణానంతరము 60 ఏండ్లు నిలుచును. 2016లో దివంగతుడైన మిశ్రా కోరియున్నచో ఆ హక్కు 2076 వరకు చెల్లెడిది. హక్కులను గాపాడుటయే వృత్తిగా గల మేము, వదలుకొనిన హక్కు ఇంతగ ఫలించుట అరుదుగ చూచితిమి. పంజాబీ, బంగాళీ మున్నగు భాషలలోనికి ఆ గ్రంథము ప్రాకినది.

పాకాల, రామప్ప చెరువులు గల దేశమున శిఖము భూములు ఇండ్ల స్థలములగుచున్నవి. నీటిని గూర్చి ప్రజాధనముతో జరిగిన పరిశోధనకు సైతము 'సర్వహక్కులు రక్షితములు' అని ముద్రవేయుట యెవరి రక్షణకో మాకు బోధపడకున్నది.