గవ్వ యని చేపట్టరాదు

మన కొరాపుట్, రాయగడ పిల్లలకు సముద్రముతో చుట్టపుచూపు పరిచయమే. విహారయాత్రకై రాయగడలో రైలెక్కి విశాఖపట్టణము చేరి, ఇసుకలో దిగగానే జేబులనిండ గవ్వలేరుదురు. ఇంట గవ్వలాట లాడిన చేతులు గదా, భయమేల కలుగును?

కాని సముద్రమున శంకునత్త యను జీవి కలదు. పెంకు శంకువువలె నుండి, చిత్రకారుడు వ్రాసినట్లు చారలతో నొప్పును. మెల్లగ ప్రాకు ఈ నత్తలలో కొన్ని చురుకైన చేపలనే వేటాడును. దాని కోర బోలు బాణము వంటిది. తొండముతో దానిని గ్రుచ్చి విషమెక్కించును. చేప క్షణములో కొయ్యబారును. వందలాది జాతులలో మనుష్యుని చంపగలవి కొలదియే. హిందూ, పసిఫిక్ మహాసముద్రములలోని కోనస్ జియోగ్రాఫస్ వానిలో ముఖ్యము. దాని విషమునకు విరుగుడు నేటికిని లేదు. చిత్రమేమనగా, కోనస్ మేగస్ అను వేరొక జాతి విషమునుండి తెలిసికొన్న జికోనొటైడ్‌ను తీవ్రమైన నొప్పికి మందుగా 2004లో అమెరికా అంగీకరించినది.

పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందు దినములలో నేనును నీటిలోని పెంకు నొకదానిని రుమాలులో మూటగట్టితిని. జాలరి యొకడు చూచి, నా చేయి తట్టి పడవేయించెను. అది ఏ జాతియో నేటికిని ఎరుగను.

అట్లయిన యాత్రయే వలదని కొందరు తలిదండ్రులందురు. నేనంగీకరింపను. ఒడ్డున ఎండి అరిగిన ఖాళీ పెంకువలన అపాయము లేదు. నీటిలోని దానిని మాత్రము ముట్టరాదు. ముడుచుకొన్న ప్రాణి పైకి కనబడదు, గుడ్డలో చుట్టినను కోర దూరును. ఈ మాట తీరమున కేకవేసి చెప్పునది కాదు, ముందుదినమే తరగతిలో, పిల్లల యింటి భాషలో చెప్పవలెను. ఈ యేడు నల్లబల్లపై ఆ నత్త బొమ్మ గీయుదును. ఇంట తలిదండ్రులు పిల్లలనొకసారి అడిగి చూతురు గాక.