పొయ్యి దగ్గర నిలబడక్కర్లేని తీపి

ఓవెన్ అవసరం లేని పీనట్ బటర్ స్వీట్స్ అంటూ ఈమధ్య ఫోన్‌లో ఎక్కడ చూసినా వీడియోలే. చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వేయించిన పల్లీలు, బెల్లం రోట్లో వేసి, నూనె తేలేదాకా దంచి ఉండలు చుట్టిన మన అమ్మమ్మలకి ఓవెన్ ఎక్కడిది?

సరే, పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి. పల్లీలు, వేరుశనగ గుళ్లు, శనక్కాయ విత్తనాలు అంటూ మనమే ఊరికో పేరు పెట్టుకున్నాం. నేను చెప్పేది వేరే. మగపిల్లలకి వంట నేర్పరేం అని అడిగితే మనలో చాలామంది చెప్పే సాకు, "పొయ్యి దగ్గరికి పంపాలంటే భయం" అని. మరి ఈ ఉండలకేం సాకు చెప్తాం? పాకం లేదు, కాగే నూనె లేదు. హాల్లో చాప వేసుకుని కూర్చుని చేసే పని.

మా అబ్బాయికి పదేళ్లు. పల్లీలు సన్నసెగ మీద వేయించడం వరకే నాది. అది ముందురోజు రాత్రి వంటయ్యాక చేసేస్తాను. తర్వాతదంతా వాడూ, వాళ్ల నాన్నా. పొట్టు నలిపి చేటలో చెరుగుతారు (సగం పొట్టు హాల్లోనే ఎగురుతుంది, అది వేరే కథ). ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేస్తారు. ఇది మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు. వేరుశనగకి పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు.

రెండు గ్లాసుల పల్లీలకి ఒక గ్లాసు తురిమిన బెల్లం. మిక్సీలో ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద కడుతుంది, ఆపి ఆపి తిప్పితే అంచుల్లో నూనె మెరుస్తుంది. అక్కడ బెల్లం, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి ఒక్కసారి తిప్పితే చాలు. పొడిపొడిగా ఉంటే చెంచా నెయ్యి వెయ్యండి గానీ నీళ్లు చల్లకండి, నిలవుండవు. తడి లేని డబ్బాలో పెడితే వారం రోజులు బాగుంటాయి.

కొన్న సీసాల్లో చాలావాటికి పంచదారా, హైడ్రోజనేటెడ్ నూనే కలుపుతారు. కొనేముందు సీసా వెనక చదవండి. అలాగని ఇంట్లో చేశాం కదా అని గుప్పెళ్లతో తినేది కాదు. వంద గ్రాముల పల్లీల్లో ప్రోటీన్ పాతిక గ్రాములుంటే, కొవ్వు దాదాపు 50 గ్రాములు. రోజుకి ఒకటి, మహా అయితే రెండు.

"మగపిల్లాడి చేత ఇవేం పనులమ్మాయ్?" అన్నారు మా అత్తగారు మొదట్లో. ఇప్పుడు ఆవిడే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బెల్లం తురిమిస్తున్నారు. ఉండలు ఒకటి నిమ్మకాయంత, ఒకటి రేగుపండంత వస్తాయి. రానివ్వండి. గుండ్రంగా రాలేదని మనం చెయ్యి పెట్టామా, ఆ పని మళ్లీ మన నెత్తికే వస్తుంది.

మిక్సీ జార్ కడగడం కూడా చేసినవాళ్లదే. జిడ్డు పోవాలంటే కాస్త శనగపిండి వేసి రుద్దాలని ఇప్పుడు మావాడే నాకు చెప్తున్నాడు.