యంత్రానికి సర్వే రాయి

హోసూరు నుండి ఒక చందాదారుగారు ఈ మాసం మాకు వ్రాశారు. వారి మనుమడు ఇంట్లో 3018 రకపు చిన్న సి.ఎన్.సి. యంత్రం పెట్టుకొని, టేకు పలకల మీద ఇళ్ల పేర్లు తెలుగులో చెక్కి ఇస్తున్నాడట. "లిమిట్ స్విచ్చిలు తగిలించిన నాటి నుండి యంత్రం పని మధ్యలో దానంతట అదే ఆగిపోతున్నది. స్విచ్చిలు ఊడదీస్తే చివరికి పోయి చట్రానికి గుద్దుకొని గరగరమంటున్నది. రెండింటిలో ఏది మేలు?" అని వారి ప్రశ్న.

రెండూ మేలు కావు. ఇంతకన్న మంచి దారి ఉన్నది, ఖర్చూ స్వల్పమే.

ముందు ఆ గరగర ఏమిటో చూద్దాము. ఈ యంత్రాలను నడిపేవి స్టెప్పర్ మోటార్లు. సామాన్యంగా చుట్టుకు 200 అడుగులు. యంత్రం తన అడుగులను లెక్కపెట్టుకుంటుందే గాని, తాను నిజంగా ఎక్కడ ఉన్నదో దానికి కనబడదు. చట్రానికి తగిలి నిలబడిపోయినా లెక్క మాత్రం సాగుతూనే ఉంటుంది. అక్కడి నుండి చెక్కినదంతా పక్కకు జరుగుతుంది. 'శ్రీ'లోని రావత్తు పోయి పక్క అక్షరం కింద కూర్చుంటుంది. ఇక ఆ టేకు పలక పొయ్యిలోకే.

స్విచ్చి అంటే చివర ఆపే అడ్డుగోడ అని చాలామంది అనుకుంటారు. మా దృష్టిలో అది సర్వే రాయి. పొలం కొలిచేవాడు ముందు రాయి ఎక్కడున్నదో చూసుకొని, దాని నుండి గొలుసు పరుస్తాడు. అలాగే యంత్రం ప్రతిదినం పని మొదలు పెట్టేముందు స్విచ్చి దగ్గరకు పోయి, దాన్ని తాకి, అక్కడి నుండి కొలతలు మొదలు పెట్టవలె. దీనినే హోమింగ్ అంటారు. కరెంటు పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. సగం చెక్కిన పలకను బిగింపుల నుండి కదల్చకుండా, ములికి మార్చకుండా ఉంచితే, కరెంటు వచ్చాక హోమింగ్ చేసి విడిచిన చోటి నుండి అందుకోవచ్చు. పని సున్నాను జి54లో దాచి ఉండాలి సుమా. జి92తో పెట్టిన సున్నా కరెంటుతోపాటే పోతుంది.

ఇప్పుడు దానంతట అది ఆగిపోవడం సంగతి. ఈ చిన్న స్విచ్చికి మూడు కాళ్లుంటాయి. ఒకటి ఉమ్మడి కాలు. ఎన్.ఓ. అనేది నొక్కినప్పుడు మాత్రమే ఉమ్మడితో కలిసేది. ఎన్.సి. అనేది నొక్కనంతసేపూ కలిసి ఉండి, నొక్కగానే విడిపోయేది. యంత్రంలోని జి.ఆర్.బి.ఎల్. అనే ప్రోగ్రాము మామూలుగా ఎదురుచూసేది ఎన్.ఓ. పద్ధతినే. ఇది 2009లో నార్వే దేశస్థుడు సీమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ మొదలు పెట్టి, అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాము. అతనికి మనమంతా రుణపడి ఉన్నాము గాని, ఈ ఒక్క విషయంలో దాని మామూలు అమరికను మార్చుకోమని మా సలహా.

ఎందుకంటారా? ఎన్.ఓ. కాలికి తీగ కడితే ఆ తీగ తెగిపోయినా యంత్రానికి తెలియదు. కేకే వేయని గస్తీవాడు నిద్రపోయినా, ఊరు క్షేమంగా ఉన్నా ఇంటివారికి ఒకటే గదా. ఎన్.సి. కాలికి కడితే గస్తీవాడు ఎడతెగక పలుకుతున్నట్టే లెక్క. పలుకు ఆగిందో, యంత్రమూ ఆగుతుంది. ఎలుక తీగ కొరికినా సరే. మరొక లాభమూ ఉన్నది. ములికిని తిప్పే 775 మోటారులో బ్రష్షులు నిప్పురవ్వలు రాలుస్తాయి. వాటి విద్యుత్ అలజడి పక్కనున్న తీగలలోకి పాకుతుంది. ఎన్.ఓ. తీగను నిలిపి ఉంచేది బోర్డులోని 20 నుండి 50 కిలో ఓముల బలహీనమైన ఆధారమే. కాబట్టి ఆ అలజడినే స్విచ్చి నొక్కుడని యంత్రం భ్రమపడుతుంది. ఎన్.సి. తీగ స్విచ్చి ద్వారా నేరుగా గ్రౌండుకు కట్టుబడి ఉంటుంది గనుక అంత తేలికగా చలించదు. హోసూరు యంత్రానికి పట్టిన జబ్బు చాలావరకు ఇదే అయి ఉండాలి. ములికి మోటారు తిరగనప్పుడు యంత్రం ఆగకుండా నడిస్తే మా అనుమానం నిజమన్నమాట.

తీగలు మార్చాక ప్రోగ్రాములో $5=1 అని పెట్టాలి. ఈ అమరిక మూడు దిక్కులకూ ఒకేసారి వర్తిస్తుంది. ఒక దిక్కుకు ఎన్.ఓ., ఇంకో దిక్కుకు ఎన్.సి. అంటే కుదరదు. ఒకే దిక్కుకు రెండు కొసలా స్విచ్చిలుంటే ఎన్.సి. పద్ధతిలో వాటిని వరుసగా, ఒకదాని తరువాత ఒకటి కలపాలి. ఆర్డుయినో ఊనో మీద షీల్డు బోర్డు పెట్టి సొంతంగా కూర్చుకున్నవారికి ఇంకొక చిక్కున్నది. ములికి వేగాన్ని మార్చే సదుపాయం కోసం కొత్త ప్రోగ్రాములో జడ్ స్విచ్చి 11వ పిన్ను నుండి 12వ పిన్నుకు మారింది. పాత షీల్డుల మీద అచ్చు వేసిన పేరు నమ్మి కడితే అది ఎన్నటికీ పలకదు.

ఇంకా ఆగుతుంటే మోటారు తీగలకూ స్విచ్చి తీగలకూ ఎడం పెట్టండి. అల్లిక తొడుగున్న షీల్డెడ్ వైరు వాడి, ఆ తొడుగును బోర్డు వైపు మాత్రమే గ్రౌండుకు కలపండి. బోర్డు దగ్గర పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 104 అని వ్రాసి ఉండే చిన్న కెపాసిటరు ఒకటి వేయండి. ఇవన్నీ బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోను, చెన్నై రిచీ వీధిలోను, ముంబయి లామింగ్టన్ రోడ్డులోను చిల్లరగా దొరుకుతాయి. $21ను సున్నా చేసి స్విచ్చిల నోరు మూయించడం మాత్రం వైద్యం కాదు.

యంత్రాన్ని కదపక ముందే పరీక్ష చేయాలి. ప్రశ్న గుర్తు పంపితే యంత్రం తన స్థితి చెబుతుంది. ఒక్కొక్క స్విచ్చిని వేలితో నొక్కి, ఆ దిక్కు పేరు కనబడుతున్నదో లేదో చూడండి. తరువాత ఒక తీగ ఊడదీసి చూడండి. అప్పుడూ కనబడాలి.

ఇక సర్దుబాటు. బండి ఎదురుగా వచ్చి స్విచ్చిని గుద్దేటట్టు కాక, పక్కగా రాసుకొని పోయేటట్టు బిగిస్తే, కొంచెం ఎక్కువ జరిగినా స్విచ్చి చితకదు. పొడవాటి రేకు మీట ఉన్న స్విచ్చి అందంగా కనబడుతుంది గాని, మీట పొడవైన కొద్దీ తేడా పెరుగుతుంది. పొట్టిదే మాకు ఇష్టం. $22=1 అని పెట్టి హోమింగ్‌కు వీలు కల్పించి, $H ఆజ్ఞతో దానిని ఆరంభించండి. అది ముందు జడ్‌ను పైకెత్తి, తరువాతనే ఎక్స్, వైలను కదుపుతుంది. స్విచ్చి ఉన్న మూలకు కాక ఎదురు మూలకు పరుగెత్తితే $23 మార్చాలి. యంత్రం మొదట $25 వేగంతో వెతికి, తగలగానే వెనక్కు జరిగి, మళ్లీ $24 వేగంతో మెల్లగా తాకుతుంది. నిమిషానికి 500 మి.మీ., 25 మి.మీ. అనేవి మొదటి నుండి ఉన్న విలువలు. వాటిని మార్చే అవసరం మాకు కనబడలేదు. తాకిన తరువాత వెనక్కు జరిగే దూరం $27లో 1 మి.మీ. ఉంటుంది. అంతలో స్విచ్చి విడవకపోతే 8వ నంబరు అలారం వస్తుంది. అప్పుడు 2 లేక 3 చేయండి.

డయల్ గేజి ఒకటి అరువు తెచ్చుకొని పదిసార్లు హోమింగ్ చేసి, ప్రతిసారీ ముల్లు ఎక్కడ నిలిచిందో కాగితం మీద వ్రాసుకోండి. తేడా 0.05 మి.మీ. లోపల ఉంటే పేరు పలకలకు చాలు. మించితే స్విచ్చి వదులుగా ఉన్నదని అనుమానించి, మరలు బిగించి మళ్లీ చూడండి. లోహాన్ని తాకకుండానే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్లు పెడితే మేలు కాదా అని అడిగేవారున్నారు. అవి దుమ్ముకు చలించవు, నిజమే. కాని వాటికి వేరే వోల్టేజి కావాలి, బోర్డులోని 5 వోల్టుల పిన్నుకు తిన్నగా కలపకూడదు. ఇనుమును పసిగట్టినంత దూరాన అల్యూమినియమును పసిగట్టవు కూడా. కొయ్యపనికి మామూలు స్విచ్చికి ఒక మూత తొడిగితే చాలు.

ఇదంతా అయ్యాక $20తో లెక్కలోని హద్దులు కూడా పెట్టుకోవాలి. $130, $131, $132లలో మీ యంత్రం నిజంగా కదిలే దూరానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గించి వేయండి. దాటమని ఆజ్ఞ వస్తే యంత్రం ముందే నిరాకరిస్తుంది, స్విచ్చి దాకా పోనే పోదు. స్విచ్చి తగిలి ఆగితే మాత్రం లెక్క పోయినట్టే. మళ్లీ హోమింగ్ చేయక తప్పదు.

ఒక్క మాట తాతగారికి. లిమిట్ స్విచ్చి పలకను కాపాడుతుంది గాని పిల్లవాడి వేళ్లను కాపాడదు. వేలు ములికి కింద ఉన్న సంగతి దానికి తెలియదు. ములికి మోటారుకూ యంత్రానికీ కలిపి కరెంటు కోసివేసే ఎర్ర బొత్తాము ఒకటి, ప్రోగ్రాముతో సంబంధం లేకుండా, మనుమడు నిలబడే చోట చేతికందేటట్టు పెట్టించండి. దానిని నెలకొకసారి నొక్కి చూడడం మీ వంతు.