కువైట్ మంచిదా, మన ఊరు మంచిదా?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘస్థుడొకాయన పాస్‌పోర్టు తెచ్చి మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి. మా ఇంటామెను కువైట్‌కు పంపిస్తాండాం" అన్నాడు. ఆమె వెనుక నిలబడియున్నది. చంకలో రెండేండ్ల బిడ్డ. "బతుకంటే అక్కడిదే అయ్యగారూ, ఈడేముంది?" అని మళ్లీ ఆయనే అన్నాడు. ప్రార్థన చేసితిమి గాని, ఆ మాట మాత్రము మమ్మును విడువలేదు.

ఆయన ఊరకనే అనలేదు. కువైట్ వైశాల్యములో మన పాత అనంతపురము జిల్లాకంటె కొంచెము చిన్నది. ఒక్క నదియు లేదు. త్రాగే నీరు సముద్రపు నీటిలోనుండి ఉప్పు తీసి తయారు చేసికొనవలసినదే. అట్టి దేశములో 1938లో బుర్గాన్ అనుచోట చమురు బయటపడినది. 1946లో ఎగుమతి మొదలైనది. ఆ తరువాత ఆ దేశ పౌరులకు చదువు, వైద్యము ఉచితమైనవి. జీతము మీద ఆదాయపు పన్ను లేదు. వారి దినారు ఒకటి మన రూపాయలలో 270కి పైమాటే. ఐక్యరాజ్య సమితి వారు 1990 నుండి ప్రజల ఆయుష్షు, చదువు, ఆదాయము, ఈ మూడింటిని కలిపి దేశములకు వరుస వేయుచున్నారు. 2025 నివేదికలో 193 దేశములలో మనది 130వ స్థానము. కువైట్ మనకంటె ఎంతో పైన ఉన్నది.

అయితే ఆ లెక్క ఎవరి బ్రతుకును గూర్చినది? కువైట్‌లో నివసించువారిలో ముగ్గురిలో ఇద్దరు పరదేశులే. భారతీయులే సుమారు పది లక్షల మంది. మన రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికి వెళ్లిన తల్లి ఆ దేశపు సగటు బ్రతుకు బ్రతుకదు. ఆమె బ్రతుకు ఒక ఇంటి వంటగది, ఆ ఇంటి యజమానురాలి మనస్సు, అంతే.

అక్కడ చట్టము లేదని కాదు. 2015లో ఇంటి పనివారి కొరకు ప్రత్యేక చట్టము చేసిరి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారమునకొక దినము సెలవు, సంవత్సరమునకు 30 దినములు జీతముతో సెలవు, పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకొనరాదు. కనీస జీతము 60 దినారులని 2016లో నిర్ణయించిరి. అనగా మన డబ్బులో పదహారు వేలకు పైమాటే. మంచి చట్టమే. గాని ఆ ఇంటి తలుపు తీసి లోపల చూచువారెవరు? పనిమనిషి వీసా యజమాని పేరుతో ముడిపడియుండును. ఇల్లు విడిచి బయటికి వచ్చిన యెడల పారిపోయినదని ఫిర్యాదు చేయవచ్చును. ఇక కుటుంబమును పిలిపించుకొందమా అంటే, 2024లో అందుకు పెట్టిన నియమము నెలకు 800 దినారుల జీతము. అరవై ఎక్కడ, ఎనిమిది వందలెక్కడ?

బయట పనిచేయు మగవారి సంగతియు అంతే. 2016 జూలైలో మిత్రిబా అనుచోట ఎండ 53.9 డిగ్రీలు కొట్టినది. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 మొదలు 4 గంటల వరకు ఎండలో పని చేయించరాదని నిషేధమున్నది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కూలివారుండు భవనము తగులబడి మన దేశస్థులే 45 మంది చనిపోయిరి. అందులో మన ఆంధ్రులును ఉన్నారు.

మన ఊరు పరలోకమని మేము చెప్పుట లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీ, ఎండిన బోరు, ఆస్పత్రి బిల్లు, ఇవి మనుష్యులను తరుముచున్నవి. కట్నము సంగతి వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది గాని, అదియు తరుముచున్నది, క్రైస్తవ గృహములలో కూడ. కువైట్ సొమ్ముతో నర్సు చదివిన ఆడపిల్లలు మా సంఘములో ఉన్నారు. మా దేవాలయపు ప్రహరీగోడ కూడ ఆ సొమ్ముతో లేచినదే. గృహప్రతిష్ఠకు పిలిచినప్పుడు మేము సంతోషముగా వెళ్లి భోజనము చేసితిమి. ఆ ఇంటి బిడ్డ ఆరేండ్లుగా తల్లిని ఫోనులోనే చూచుచున్నదని ఆ దినమున మేమెవ్వరమును అడుగలేదు.

నిర్గమకాండము ఇరువదియవ అధ్యాయములో విశ్రాంతి దినపు ఆజ్ఞను చదువుకొనుడి. యజమానునితోపాటు దాసికిని, ఇంట నున్న పరదేశికిని విశ్రాంతి ఇయ్యవలెనని దేవుడు విధించెను. మా మట్టుకు, ఒక దేశములో బ్రతుకు ఎట్లున్నదని అడుగునప్పుడు చూడవలసిన చోటు అదే. అక్కడ సెలవు దినము శుక్రవారము గనుక మన విశ్వాసులు ఆ దినముననే కూడుకొందురు. కువైట్ నగరములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘములు ఆరాధించుచున్నవి. తిరిగి వచ్చిన ఒక సహోదరిని మేము అడిగితిమి. మూడేండ్లలో ఆమె అక్కడికి వెళ్లినది రెండు శుక్రవారములు. మన ఊరిలో గేదె పాలు పిదికి, ఆలస్యముగానైనను ఆమె ప్రతి ఆదివారము వచ్చుచుండెడిది. (మన రైతుల ఇండ్లలో పనివారికి ఎన్ని ఆదివారములు దొరుకుచున్నవో కూడ అడుగవలసినదే.)

మరుసటి దినమున మేము ఆ దంపతులను పిలిచి కాగితములు చూచితిమి. పాస్‌పోర్టులో ఆమె వయస్సు 27. ఆమె పదవ తరగతి తప్పినది. అట్టి స్త్రీలు ముప్పది ఏండ్లు నిండనిదే గల్ఫ్ దేశములకు ఇంటిపనికి వెళ్లుటకు మన ప్రభుత్వము అనుమతి ఇయ్యదు. ఏజెంటు ఇచ్చినది విజిట్ వీసా. దానిమీద వెళ్లి పనిచేసిన యెడల ఏ చట్టమును ఆమెను కాపాడదు. ఆ సంగతి ఇద్దరికిని తెలియదు.

ఇచ్చిన అడ్వాన్సులో సగము తిరిగి వచ్చినది. మిగిలిన దానికొరకు ఆయన తిరుగుచున్నాడు. అప్పు మాత్రము అట్లే యున్నది. మా కమిటీ పెద్దలు ఇద్దరు అప్పిచ్చినాయన దగ్గరకు వెళ్లి వడ్డీ తగ్గించుమని అడిగి వచ్చిరి. ఆలోచించి చెప్పెదనన్నాడట.

మొన్న ఆదివారము ఆమె మా దగ్గరకు వచ్చి, "ముప్పై నిండినాక పోవచ్చునా అయ్యగారూ?" అని అడిగినది. బిడ్డ ఆమె కొంగు పట్టుకొని నిలబడియున్నది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.