క్రొత్త రాకెట్టా, ఉన్నదాని సవరణయా?

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెత మన టెన్నిసు స్థలమున తరచుగా వినబడుచుండును. బంతి వలకు తగిలిన పిమ్మట ఆటగాడు తన రాకెట్టు వంక చూచెనేని, చుట్టునున్నవారు ఈ మాటయే యని నవ్వుదురు. సామెతను మేమును గౌరవింతుము. కాని మృదంగము వాయించు విద్వాంసుని గమనించి చూడుడు. కచేరీకి పూర్వమే ఆయన ఎడమ మూతకు రవ్వముద్ద నంటించి, చాలనిచో మరికొంత చేర్చి, హెచ్చైనచో గిల్లివేసి, నాదము కుదిరిన పిమ్మటనే వాయింప మొదలిడును. అందులకు ఆయన నెవ్వరు నాక్షేపింపరు. టెన్నిసు ఆటగాడు తన రాకెట్టుపై ఆపాటి శ్రద్ధ చూపినచో నవ్వుట యేల?

క్రొత్త రాకెట్టు కొనుటకు ముందు, చేతనున్న దానిని మన చేతికి తగినట్లు సవరించుకొని చూడవలెననియు, ఆ పరీక్ష పందెములలో గాక, గెలుపోటముల లెక్కలేని సాయంకాలపు ఆటలో జరుగవలెననియు మా యభిప్రాయము.

ప్రఖ్యాత క్రీడాకారుల చేతిలో చూచిన రాకెట్టే కావలెనని కొందరు విద్యార్థులు ఇంట పట్టుపట్టుచున్నారు. తండ్రి కష్టార్జితము దాని పాలగుచున్నది. ఆ మహాక్రీడాకారుల రాకెట్లు అంగడిలో వ్రేలాడునట్టివి కావని వీరెరుగరు. పీట్ సంప్రాసు 85 చదరపు అంగుళముల చిన్న తలగల రాకెట్టునకు సీసము చేర్చి, బరువెక్కించి ఆడెను. రోజర్ ఫెదరరు 90 చదరపు అంగుళముల తలను విడిచి 2014లో 97కు మారెను. అంతకు ముందటి వేసవిలో వేరొక నమూనాతో పందెములాడి చూచి, దానిని విడిచి, మరల పాతదానినే పట్టెను. అట్టివారే యింత పరీక్షింపగా, మనము రంగును చూచి కొనుట యెట్లు సమంజసము?

ఈ సంవత్సరము మాలో అయిదుగురము ఒక సాయంకాలము మూడు రాకెట్లను బల్లపై నుంచి పోల్చి చూచితిమి. మొదట త్రాసున తూచితిమి. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ధర గల రెండింటికిని 7 గ్రాముల భేదము తేలెను. పిదప ఒక్కొక్కదానిని కొలబద్ద అంచున అడ్డముగా నిలిపితిమి. రాకెట్టు పొడవు సాధారణముగా 27 అంగుళములు. పిడి చివరనుండి 13½ అంగుళముల యొద్ద నిలిచినచో బరువు సమముగ నున్నట్లు. అంతకు ముందే నిలిచినచో పిడివైపు, దాటి నిలిచినచో తలవైపు మొగ్గు. తూకమున సమానమైనవి కూడ ఈ మొగ్గు వలన చేతికి వేరుగా తోచును. తరువాత పేర్లు కనబడకుండ పాత వార్తాపత్రిక ముక్కలంటించి, ఒక్కరే ఎదుట నిలిచి బంతులు పంపుచుండగా, తక్కినవారము వంతులవారీగా ప్రతి రాకెట్టుతోను ఇరువదేసి దెబ్బలు కొట్టితిమి. కాగితములు తీసి చూడగా మాలో ముగ్గురు మెచ్చినది అన్నిటికంటె చౌకయైన పాత రాకెట్టు! ధర ముందే తెలిసియున్నచో తీర్పు వేరుగా నుండెడిదని మా నమ్మకము.

ఇక సవరణలలో మొదటిది పిడి. పిడిని పట్టినప్పుడు వ్రేళ్ల కొనలకును అరచేతికిని నడుమ చూపుడువ్రేలు పట్టునంత సందుండవలెనని పెద్దలు చెప్పుదురు. లావుపాటి పిడిని చిన్న చేయి గట్టిగా నొక్కిపట్టవలసివచ్చును. ముంజేయి త్వరగా అలసిపోవును. పాఠశాల రాకెట్లతో ఆడు ఆరవ, ఏడవ తరగతుల పిల్లల కష్టమిదియే. సన్నని పిడికి పలుచని పట్టీ చుట్టి లావు చేయుట నిమిషముల పని. లావుదానిని సన్నము చేయుట కష్టము. కావున పాఠశాలకు కొనునప్పుడు సన్నని పిడులనే కొనవలెను.

తీగెల మాట. చట్రముపై తీగెల బిగువు ఇన్ని పౌనులని అచ్చువేసియుండును. పెక్కింటికది 50, 60 పౌనుల నడుమ నుండును. బిగువు తగ్గించిన బంతి దూరము పోవును, హెచ్చించిన దగ్గరగా పడును. లేత చేతులకు తక్కువ బిగువు, మెత్తని తీగెయే మేలు. బిరుసైన పాలియెస్టరు తీగెలను బిగించి ఆడు పిల్లలకు మోచేతి నొప్పి వచ్చు భయమున్నది. పశువుల ప్రేగులతో చేసిన తీగె మృదువైనదే గాని, తేమను సహింపదు. మన కోస్తా వానలకు తగదు, ఖరీదును హెచ్చు.

సీసపు పట్టీ అతికించుటలో ఓపిక కావలెను. తల యిరుప్రక్కల అతికించినచో, బంతి నడుమ తగులనప్పుడు రాకెట్టు చేతిలో తిరిగిపోవుట తగ్గును. తల కొనను అతికించినచో విసరుట బరువగును. చేతినుండి దూరము రెండింతలైన ఆ బరువు ప్రభావము నాలుగింతలగును. పిడి యొద్ద చేర్చినది విసరుటకు అంతగా అడ్డురాదు. ఒక్కమారు మూడు గ్రాములకు మించక, ఒక్కచోటనే మార్చి, పది నిమిషములాడి చూడవలెను. తీగె, బరువు, పిడి ఒక్కదినమే మార్చినవాడు దేనివలన మేలు కలిగెనో యెట్లు చెప్పగలడు? సీసము విషపదార్థము గనుక ముట్టిన పిమ్మట చేతులు కడుగుకొనుట మరువరాదు.

ఇది మోసము కాదా యని కొందరడుగుదురు. కాదు, బరువు సర్దుటకై చట్రమున కేదైన చేర్చుట నియమములలో అనుమతించబడినదే. నిషేధము తీగెల అల్లికలో వచ్చినది. 1977లో రెండు వరుసల తీగెలతో బంతిని విపరీతముగా త్రిప్పు రాకెట్టు బయలుదేరగా, 1978లో రాకెట్టు ఎట్లుండవలెనో తొలిసారి నియమమేర్పడెను.

రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో వింబుల్డను సెమీఫైనలు చేరినది కొయ్య రాకెట్టుతోనే గదా, ఈ హంగులేల యని మరికొందరు పెద్దలందురు. నిజమే. కాని ఆ కొయ్య రాకెట్లును తేలిక, మధ్యమము, బరువు అను తరగతులుగా, వేర్వేరు పిడులతో అమ్ముడగుచుండెడివి. ఎంచుకొనుట నాడును ఉన్నదే.

క్రీడల గదిలో ఒక చిన్న త్రాసు, కొన్ని పట్టీలు, కొంచెము సీసపు టేపు ఉంచవలెనని మా మనవి. నెలకొక సాయంకాలము రాకెట్లన్నియు బల్లపై పరచి, సొంత రాకెట్టు లేనివారిని మొదట పిలువవలెను.